‘వస్తా’ అనే బటన్

ఆ రోజు పొద్దుటి నుంచీ బటన్లమ్మ కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. కూర్చుంటే ముళ్ల మీద కూర్చున్నట్టుంది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదు. మంచినీళ్ల కూలర్ దాకా వెళ్లి, గ్లాసు నింపి, తాగడం మరిచిపోయి గ్లాసుతోనే వెనక్కి వచ్చి స్క్రీన్ చూసింది. స్క్రీన్ బాగానే ఉంది. అది బాగున్న కొద్దీ ఆమెకు భయం ఎక్కువవుతోంది.

అది లిఫ్టులు బాగుచేసే కంపెనీ ఆఫీసు. పద్నాలుగు మంది మెకానిక్కులు ఊరంతా తిరిగి, మొరాయించిన లిఫ్టులను దారికి తెస్తుంటారు. ఎవరు ఏ బిల్డింగులో ఉన్నారు, పని నడుస్తోందా, అయిపోయిందా అన్నది ఆఫీసు గోడకు బిగించిన పెద్ద స్క్రీన్ మీద కనిపిస్తుంది. మూడేళ్ల కిందట ఆ ప్రోగ్రామ్ రాసింది ఆమే. మెకానిక్కుల ఫోన్లలో బటన్లు పెట్టింది కాబట్టి వాళ్లు ఆమెకు పెట్టిన పేరు బటన్లమ్మ. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్లు మండేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని పక్కకు చూస్తోంది.

ఆ ప్రోగ్రామంతా ఆమె ఒక ఫ్రేమ్‌వర్క్ మీద కట్టింది. ఫ్రేమ్‌వర్క్ అంటే ఎవరో ముందే వేసి ఉంచిన పునాదీ స్తంభాలూ అనుకోవచ్చు. మనం గోడలు లేపుకుని తలుపులు పెట్టుకుంటే చాలు. దాన్ని తయారుచేసినవాళ్లు ఎక్కడెక్కడో ఉన్న ఏడెనిమిది మంది. ఓనరుకు గుచ్చుకునేది అదే. రేపు వాళ్లకు విసుగొచ్చి వదిలేస్తే మన గతేమిటని నెలకోసారి అడిగేవాడు. ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది: మూడేళ్లలో అది ఆగింది మొత్తం పదకొండు నిమిషాలు, ఆ పదకొండూ కరెంటువాళ్ల చలవే. ఈ లెక్క ఆమె పెళ్లిచూపుల్లో కూడా చెప్పిందని ఆఫీసులో ఒక జోకుంది. నిజంగానే చెప్పింది.

పోయిన వారం ఇంకో కంపెనీవాళ్లు వచ్చి, తమ రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ చూపించి, ఓనరు కళ్లు జిగేల్‌మనిపించి వెళ్లారు. ఆయన తాడో పేడో తేల్చేద్దామన్నాడు. పెట్టిన పరీక్ష ఏమిటంటే, ఈ ఒక్కరోజు ఆఫీసు పూర్తిగా స్క్రీన్ మీదే నడవాలి. ఫోన్లు చేసి మెకానిక్కులను ఏదీ కనుక్కోకూడదు. సాయంత్రం నాలుగింటికి తాను వచ్చేదాకా స్క్రీన్ నిలబడితే ఆమె ప్రోగ్రామే ఉంటుంది. తడబడితే రెడీమేడ్ వస్తుంది, ఆమె ఇంకో ఉద్యోగం వెతుక్కుంటుంది.

ఫోన్ల సంగతి ఓనరు అన్నది హలోగారి వైపు చూసి. ఎవరిని ఏ పనికి పంపాలో చూసేది హలోగారే. అరవైకి దగ్గరపడ్డ మనిషి. స్క్రీన్ చూస్తారు, తల ఊపుతారు, ఊపి ఫోన్ తీస్తారు. హలో, ఎక్కడున్నావ్, బయటికొచ్చావా? రోజుకు అరవైసార్లు ఇదే పాట. ఆ పాట విన్నప్పుడల్లా బటన్లమ్మకు అరికాలి మంట నెత్తికెక్కేది. తను వండి వడ్డించిన కూరను ఆయన పక్కింటికి పంపి రుచి చూపించి తింటున్నట్టు ఉండేది. ఎన్నిసార్లు పోట్లాడినా ఆయన నవ్వి, స్క్రీన్ మంచిదేనమ్మా, నాకే చెవులతో చూడటం అలవాటైంది అనేవారు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఆ స్క్రీన్ మీద ఉండేవి ప్రాణాలు. లిఫ్టు కింద ఒక గుంట ఉంటుంది. మెకానిక్కు అందులోకి దిగే ముందు పై అంతస్తులో మెయిన్ స్విచ్ ఆపిస్తాడు. మళ్లీ వెయ్యాలంటే బిల్డింగ్ వాచ్‌మన్ ఆఫీసుకు ఫోన్ చేసి అడిగి తీరాలి. ఆఫీసు సరేనంటేనే కరెంటు.

మెకానిక్కు ఫోన్లో బటన్లు రెండే. చేరగానే నొక్కేది ‘వచ్చా’. పని ముగించి కదిలేటప్పుడు నొక్కడానికి ఆమె మొదట ‘వెళ్తున్నా’ అని పెట్టింది. ఒక్కడంటే ఒక్కడు నొక్కలేదు. నెత్తిమీద టన్ను బరువు వేలాడుతుండగా పనిచేసేవాళ్లు ఉత్త ‘వెళ్తున్నా’ అనరు. ఆమె మేనమామ కూడా అక్కడే మెకానిక్కు, ఆమెను ఆ కంపెనీలో చేర్పించింది ఆయనే. ఆయనే మందలించాడు. వెళ్తున్నా ఏమిటే అమ్మడూ, నోటికి మంచి మాట రాదా, ఇంట్లోంచి కదిలేప్పుడు ఏమంటాం, వస్తా అంటాం, అదే పెట్టమన్నాడు. ఆమె నవ్వుకుని ‘వస్తా’ అని మార్చింది. మర్నాటి నుంచి అందరూ బుద్ధిగా నొక్కారు. అది నొక్కగానే స్క్రీన్ మీద ఎర్రగా ఉన్న పేరు ఆకుపచ్చగా మారుతుంది. ఆకుపచ్చ అంటే మనిషి గుంటలోంచి బయటపడ్డట్టు.

మధ్యాహ్నం దాకా ఏ తేడా రాలేదు. ఒంటిగంటకు ఒక పేరు రెండు సెకన్లు ఆలస్యంగా రంగు మారితే ఆమె లేచి స్క్రీన్ దగ్గరికి పరుగెత్తింది. భోజనం డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసింది. హలోగారు ఫోన్ ముట్టకుండా కూర్చున్నారు. అలవాటు ఊరుకోనివ్వక వేళ్లు మాత్రం బల్ల మీద టకటకమంటున్నాయి. ఆ చప్పుడు ఆపమని ఆమె రెండుసార్లు చెప్పింది.

మావయ్య రెండున్నరకు ఏడంతస్తుల బిల్డింగుకు చేరి ‘వచ్చా’ నొక్కాడు. గుంటలో ఉండి లిఫ్టును ఆపే ఎర్ర స్విచ్ పాడైంది, దాన్ని మార్చాలి. మూడు దాటాక పక్క వీధిలో ఇంకో లిఫ్టు ఆగిపోయిందని కబురొచ్చింది. దగ్గరున్నది ఆయనే కాబట్టి హలోగారు ఆ పనిని స్క్రీన్ మీంచి ఆయన ఫోనుకే పంపారు. నిమిషం తిరక్కుండా మావయ్య పేరు ఆకుపచ్చగా మారింది. మావయ్యకు ఇవాళ నా గొడవ గుర్తుందన్నమాట, ఎంత చురుగ్గా ముగించాడో అని బటన్లమ్మ మురిసిపోయింది.

మూడు పద్దెనిమిదికి ఆఫీసు ఫోన్ మోగింది. ఆ ఏడంతస్తుల బిల్డింగ్ వాచ్‌మనే. మెట్లెక్కలేక జనం తనను తిడుతున్నారని, మెయిన్ వెయ్యమంటారా అని అడుగుతున్నాడు. హలోగారు స్క్రీన్ చూశారు. ఒక్క నిమిషం ఆగమని చెప్పి, రిసీవర్ బల్ల మీద పెట్టి, జేబులోంచి సొంత ఫోన్ తీశారు.

బటన్లమ్మ రెండంగల్లో వచ్చి ఆ ఫోన్ మీద చెయ్యి వేసింది.

"వద్దు బాబాయ్. ఇవాళ చెయ్యనని మాటిచ్చారు."

"అక్కడున్నది మీ మావయ్యమ్మా."

"అక్కడ లేడు. ఆకుపచ్చగా ఉంది కదా. ఇంకో నలభై నిమిషాలు ఓపిక పట్టలేరా?"

తన అలవాటు కోసం ఈ పిల్ల ఉద్యోగం పోగొట్టడమా అన్నది హలోగారి ముఖంలోనే కనిపిస్తోంది. ఆమె ఇంకేమీ వినదలుచుకోలేదు. రిసీవర్ తానే తీసుకుని, మెకానిక్కు వెళ్లిపోయాడు, స్విచ్ వేసుకోండని వాచ్‌మన్‌కు చెప్పేసింది. అవతల ఫోన్ పెట్టేశాడు.

గెలిచినట్టే అనుకుని స్క్రీన్ వైపు తిరిగింది. అప్పుడు కనిపించాయి పేరు పక్కన చిన్న అక్షరాల్లో రెండు టైములు. కొత్త పని పంపింది మూడు తొమ్మిదికి. ‘వస్తా’ నొక్కింది మూడు పదికి. ఒక్క నిమిషం. గుంటలోంచి ఎక్కి, స్పానర్లన్నీ ఒక్కొక్కటీ తుడిచి సంచిలో సర్దుకోకుండా మావయ్య ఎక్కడి నుంచీ కదలడు. దానికే ఆయనకు పది నిమిషాలు పడుతుంది. మరి ఆ నొక్కుడేమిటి?

పక్క వీధిలో పని ఉంది, రాగలవా అని అడిగితే ఎవరైనా ఏమంటారు? వస్తా అంటారు.

గుంటలో నిలబడే, ఒక చేతిలో స్పానర్ పట్టుకునే, పిలుపుకు జవాబుగా ఆయన ఆ మాట నొక్కాడు. ఫోన్ చెయ్యండి బాబాయ్ అని ఆమె అనబోయింది. అనాల్సిన అవసరం లేకపోయింది, హలోగారు అప్పటికే నంబరు నొక్కుతున్నారు.

ఆమె ఇటు వాచ్‌మన్‌కు చేసింది. ఎవరూ ఎత్తలేదు. అతను బయల్దేరిపోయి ఉంటాడు. లిఫ్టు ఆగి ఉంది, ఏడంతస్తులూ నడిచే ఎక్కాలి. రెండో అంతస్తులో ఉంటాడా, మూడా? వాచ్‌మన్ కుర్రవాడా, ముసలివాడా, దారిలో ఆయాసపడి ఆగే రకమా? మోకాళ్ల నొప్పులున్నవాడైతే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకుంది. అటు మావయ్య ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. హలోగారు మళ్లీ చేశారు. మళ్లీ ఆగిపోయింది. నాలుగు, ఐదు అని ఆమె అంతస్తులు లెక్కపెడుతోంది. మూడోసారి ఎత్తాడు.

వస్తానన్నాగా, ఇంకో పావుగంట పడుతుందని మావయ్య విసుక్కుంటున్నాడు. ఆమె ఆ ఫోన్ లాక్కుంది.

"మావయ్యా, పైకెక్కు. సామాను వదిలెయ్. ఇప్పుడే ఎక్కు."

ఆయన ఎందుకని అడగలేదు. ముప్పై ఏళ్లుగా ఆ పనిలో ఉన్నవాడు అలాంటి గొంతు వింటే అడగడు. ఇనుప నిచ్చెన మీద బూట్ల చప్పుడు, రొప్పు, ఏదో కింద పడ్డ మోత వినిపించాయి. ఎక్కానన్నాడు. ఆ మాట పూర్తయిందో లేదో, ఆయన వెనకాల మోటారు గుర్రుమంది. కరెంటు రాగానే లిఫ్టు తనంతట తాను అడుగు అంతస్తుకు దిగుతుంది. నిలబడ్డ మనిషికి దాని కింద చోటుండదు.

"అమ్మడూ, లిఫ్టు దిగుతోందే" అన్నాడు మావయ్య మెల్లగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

ఆమె గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. సిగ్గు మాత్రం నిలువునా కాల్చేస్తోంది. హలోగారు ఆమె మరిచిపోయిన గ్లాసు తెచ్చి చేతికిచ్చారు.

కాసేపటికి లేచి పాత రికార్డులు తీసింది. ఫ్రేమ్‌వర్క్ అన్నిటినీ దాచి ఉంచింది, ఒక్క నొక్కుడు కూడా పోలేదు. కొత్త పని అందగానే ‘వస్తా’ నొక్కి, పేరు ఆకుపచ్చగా మారి, ఆ వెంటనే ఫోన్లో కనుక్కుని హలోగారు చేత్తో మళ్లీ ఎరుపుకు మార్చిన సందర్భాలు ఎన్నో వెతికింది. మూడేళ్లలో రెండు వందల పదకొండు. ఇది మీకు ముందే తెలుసా అని ఆయన్ని అడిగింది. తొందరపడి నొక్కుతున్నారు కాబోలు, కనుక్కుని సర్దుకుంటే పోయేదే కదా అనుకున్నానని ఆయన చెప్పారు. మరి ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం అంది.

"నీకు ఆ స్క్రీనంటే ప్రాణం కదమ్మా" అన్నారు.

ఓనరు నాలుగింటికి సరిగ్గా వచ్చాడు. పొద్దుటి నుంచి స్క్రీన్ ఒక్క సెకను కూడా ఆగలేదని చూసి తెగ సంతోషించాడు. ఫ్రేమ్‌వర్క్ గట్టిదే, రెడీమేడ్‌వాళ్లకు రావద్దని చెప్పేస్తానన్నాడు. ఇక ఫోన్ల పని లేదు కాబట్టి సోమవారం నుంచి హలోగారు గోడౌన్లో కూర్చోవచ్చన్నాడు. హలోగారు నేల చూపులు చూస్తూ సరేనన్నారు. మూడుంపావు సంగతి ఆయన చెప్పరని ఆమెకు అర్థమైంది. తాను కూడా నోరు మూసుకుంటే కోరుకున్నదంతా చేతికొచ్చినట్టే. నాలుగు క్షణాలు మూసుకునే ఉంది, అబద్ధమెందుకు.

తర్వాత చెప్పేసింది. స్క్రీన్ తప్పు చెప్పలేదని, నొక్కింది నొక్కినట్టే చూపించిందని, తాను పెట్టిన మాటకే రెండు అర్థాలున్నాయని, గుంటలో ఉన్న మనిషిని అది రెండు వందల పదకొండు సార్లు బయట ఉన్నట్టు చూపించిందని చెప్పింది. ఓనరు ముఖంలో నవ్వు పోయింది.

"మూడేళ్లలో ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు కదా?"

"తగల్లేదు సర్. ప్రతిసారీ ఈయన ఫోన్ చేశారు."

"మరి ఇవాళ?"

"ఇవాళ కూడా చెయ్యబోయారు" అంది బటన్లమ్మ. "చెయ్యి అడ్డం పెట్టి ఆపింది నేను."