గుమ్మానికి అడ్డంగా వేదిక

ఆ పేటలో ఏటా పదకొండు రోజులు ఎవరికీ బుద్ధి ఉండదు. మిగతా రోజుల్లో ఉందని కాదు, ఆ పదకొండు రోజులూ లేదన్న సంగతి మైకులో చాటుకుంటారు. పాలబండి వీధి మొదట్లోనే ఆగిపోతుంది. బడి ఒంటిపూట. కుళాయి కారుతోందని ప్లంబరుని పిలిస్తే ఉత్సవం అయ్యాక వస్తానంటాడు. పంటి డాక్టరూ అదే మాట. ప్రాణం తోడేసే పన్నునొప్పయినా సరే, ఉత్సవం అయ్యేదాకా దవడ పట్టుకుని కూర్చోవాల్సిందే. ముందు నెలంతా ఏర్పాట్లు, తర్వాత నెలంతా బడలిక. ఏడాదిలో ఇన్ని రోజులు తగలేసి, మిగిలిన రోజుల్లో మాత్రం తీరిక లేదని ఏడుస్తారు.

ఈ వెలగబెట్టే సంబరానికి వేదిక కట్టేది సరిగ్గా బైండింగ్ అత్త గుమ్మానికి అడ్డంగా. పుస్తకాల బైండింగ్ షాపులో ముప్పై ఏళ్ళుగా అచ్చయిన ఫారాలు మడిచి కుడుతోంది కాబట్టి పేటంతా ఆమెను అలాగే పిలుస్తుంది. వీధిలో కాస్త వెడల్పున్న చోటు అదొక్కటేనని కమిటీ వాదన. వేదిక వెనక వేలాడదీసే రంగుల తెరకీ ఆమె వీధి తలుపుకీ మధ్య మూరెడు సందు మిగులుతుంది. తలుపు తీస్తే ఎదురుగా గుడ్డ, గుడ్డ మీద పెద్ద పెద్ద పువ్వులు. ఇరవై రెండేళ్ళుగా ఆ పదకొండు రోజులూ ఆమే, ఆమె భర్తా ఇంటి పక్కనున్న మంగలిషాపులోంచి రాకపోకలు సాగిస్తున్నారు. షాపు వెనక గదిలోంచి అత్త పెరట్లోకి చిన్న తలుపుంది. మొహం నిండా నురగ పూసుకున్న పెద్దమనుషులు, అత్త సంచీతో పక్కనుంచి వెళ్తుంటే, ఆ నురగలోంచే ఈపూట కూరేమిటని అడుగుతారు. ఆమె జవాబివ్వదు. పేట మొత్తంలో జవాబు చెప్పదగ్గ మనిషి ఆ మంగలి ఒక్కడేనని ఆమె ఏనాడో తేల్చేసుకుంది.

ఈ ఏడు ఉత్సవం ఇంకో ఆరు రోజులుందనగా ఆమె భర్త స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నలభై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. పెద్ద స్టీరింగు పట్టుకుని ఎత్తున కూర్చుని, పేటలో తలవంచకుండా బతికినవాడు. ఆపరేషను అయింది. ఉత్సవం ఆరోరోజు మధ్యాహ్నం ఇంటికి తీసుకుపొమ్మని, మంచం వేరే రోగికి కావాలని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. కాలు చాపే ఉంచాలట, మూడు వారాలు మడవకూడదట. అందుకని ఆయన్ని మోసే కుర్చీకి ముందు పలక బిగించి దాని మీద కాలు పెట్టారు. ఆయన, భార్య చెయ్యి పట్టుకుని, ఒకటే కోరాడు.

"ఏమే, నన్నిలా ఎవరి కంటా పడనీకు. చప్పుడు కాకుండా ఇంట్లోకి చేర్చు."

అలాగేనని ఆమె మాటిచ్చింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం ఆమె చూడటం అదే మొదటిసారి. ఆ మాట నిలబెట్టకపోతే తన బతుకెందుకు అనుకుంది.

మంగలి, ఆమె కలిసి టేపు పెట్టి షాపులోంచి దారి కొలిచారు. కుర్చీ, దాని పలక కలిపితే చేతులు కడిగే బేసిను దగ్గర మలుపు తిరగదు. బేసిను విప్పేస్తానక్కా అన్నాడు పాపం మంగలి. బేసిను విప్పితే గోడ ఉంది, గోడనెవరు విప్పుతారు? ఇక మిగిలింది వీధి గుమ్మం. వేదిక పలకలు మూడు తీస్తే చాలు, గంటలో మళ్ళీ బిగించుకోవచ్చు. ఆ మూడు పలకల కోసం ఆమె కమిటీ గదికి వెళ్ళింది.

కమిటీ సెక్రటరీని అందరూ మైకు అంటారు. పగలు గచ్చు బండలమ్మే షాపు, సాయంత్రం పేటను ఉద్ధరించడం. ఆమె చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత పదిమందిని పిలిచి కూర్చోబెట్టాడు. మూడు పలకల గురించి ఆ పదిమందీ గంటన్నర మాట్లాడారు. పలక తీస్తే వేదిక బలం తగ్గుతుందని ఒకడు, అలవాటయితే వచ్చే ఏడు ఇంకొకరు అడుగుతారని ఇంకొకడు. ఆమె గుమ్మం దగ్గర నిలబడే ఉంది. కూర్చోమన్న పాపాన ఒక్కడూ పోలేదు. చివరికి మైకు లేచి, తీర్మానం అయిందన్నాడు.

"పలకలు తియ్యడం దేనికమ్మా? వేదికే మీ ఇంటికి దారి. ఈ పక్క మెట్లెక్కించి, ఆ వెనక తెర ఎత్తి లోపలికి పంపిస్తాం. నాలుగింటికి పాటల పోటీకి విరామం. ముందు తెర వేసేస్తాం, పురుగు కూడా చూడదు."

ఆమెకు ఒళ్ళు మండింది. కానీ వేరే దారేముంది? ముందు తెర వేస్తారా అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ మైకు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ గుండెలో ఏముందో ఆమెకు తెలుసు, అయినా నమ్మింది.

నాలుగింటికి మంగలి, ఇంకో ముగ్గురు కుర్చీ మోసుకుంటూ మెట్లెక్కారు. ముందు తెర వేసే ఉంది. దాని అవతల ఎవరో పిల్లను సతాయిస్తున్న తల్లి గొంతు, కుర్చీల చప్పుడు. భర్త కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆమె ముందు నడుస్తూ వెనక తెర అంచు పట్టుకుంది. తన తలుపు రెండడుగుల్లో ఉంది. అప్పుడు ముందు తెర సర్రున పక్కకు జరిగింది.

ఎదురుగా పేటంతా ఉంది. సెక్రటరీ పక్కనుంచి వచ్చి, పేటకు పెద్ద అభిమాని, మన డ్రైవరుగారు, ఆసుపత్రి మంచం దిగి నేరుగా ఉత్సవానికే వచ్చారని ప్రకటించాడు. ఈ పేట అంటే అంత ప్రాణమట. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు కొందరు కళ్ళొత్తుకున్నారు. మొన్నటిదాకా ఆయనకేమైందని అడగని మొహాలవి. ఆమెకు వాళ్ళందరి మీదా ఉమ్మెయ్యాలనిపించింది. కుర్చీ లోపలికి తెమ్మని మంగలికి సైగ చేసింది.

"ఆగు," అన్నాడు భర్త.

ఆయన కళ్ళు తెరుచుకున్నాయి. చెయ్యి చాపాడు. సెక్రటరీ తను పట్టుకున్న మైకు ఆ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు.

"వేదిక మా గుమ్మం ముందు పెట్టుకోమని సంతకం పెట్టింది నేనే. ఆ ఏడు కమిటీ పెద్దాయన, నిన్ను ఏదో ఒకరోజు వేదిక పైకి పిలిచి గౌరవిస్తామన్నాడు. ఇరవై రెండేళ్ళు అయింది. ఇవాళ పిలిచారు. చాలా సంతోషం."

మళ్ళీ చప్పట్లు. ఇంతకుముందు కన్నా ఎక్కువ.

ఆమె పట్టుకున్న తెర అంచు వదిలేసింది. ఇన్నేళ్ళూ తను తిట్టిన తిట్లన్నీ కమిటీకి. రాత్రి అన్నం పెడుతూ తిట్టేది, బట్టలు మడుస్తూ తిట్టేది. ఆయన తలూపుతూ వినేవాడు. ఒక్కోసారి అందుకుని తనూ నాలుగు తిట్టేవాడు. ఆమె వంగి ఆయన చెవిలో అడిగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వొద్దనేదానివి," అన్నాడాయన. మైకు నోటి దగ్గరే ఉంది. పేటంతా విని గొల్లున నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. పడిన దగ్గర్నుంచీ ఆ మొహం మీద ఇదే మొదటి నవ్వు.

మంగలి తల దించుకుని, కుర్చీ లోపలికి తెమ్మంటావా అక్కా అని అడిగాడు.

"వద్దు తమ్ముడూ. ఆ పక్కగా దించండి, జనం కనపడేలా. ఆయన చూస్తారు," అంది.

వెనక తెర ఎత్తి, మూరెడు సందులో ఒదిగి, తన తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. ఆయన కోసం పొద్దున్నే దులిపి పరిచిన మంచం మీద కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. రోత పుట్టింది, అంతే. పేట మీద ఉన్న రోతంతా అలాగే ఉంది, అందులో ఈయనా, ఈయన్ని నమ్మిన తనూ కలిశారు.

బయట పోటీ మళ్ళీ మొదలైంది. ఎవరో పిల్ల శ్రుతి తప్పి ఒక పాట పాడింది. పాట అయ్యాక చప్పట్లు కొట్టారు. అందులో తలుపుకి దగ్గరగా, అందరూ ఆగాక కూడా ఆగకుండా కొడుతున్న రెండు చేతులు ఎవరివో ఆమెకు తెలిసింది.