తెర మధ్యలో

ఖాళీ లారీ కాటా ఎక్కింది. పిన్ని కిటికీలోంచి చూసి చెయ్యి ఊపింది. డ్రైవర్ ఇంజన్ ఆపాడు. ఆమె కంప్యూటర్ తెర మీద ఒక గడి నొక్కి లారీ నంబరు కొట్టింది, పక్క గడి నొక్కి బరువు ఎక్కించింది, మూడో గడి నొక్కగానే ప్రింటర్ చీటీ కక్కింది. దాన్ని చింపి కిటికీలోంచి అందించింది.

కంకర యార్డులో అందరూ ఆమెను కాటా పిన్ని అంటారు. ఆమెకంటే పెద్ద డ్రైవర్లు కూడా పిన్నీ అనే పిలుస్తారు. లోపలికొచ్చే ఖాళీ లారీలను తూచడం ఆమె పని. గేటు దగ్గరి బయటి కాటాలో నిండు లారీలను తూచే అతన్ని ఆమె తమ్ముడూ అంటుంది.

కంప్యూటర్ ముఖం మారినప్పుడు అందరికంటే గట్టిగా అరిచింది పిన్నే. పాత తెరలో ఎడమవైపు అడుగున, మూలకి ఒక బటన్ ఉండేది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆమె చెయ్యి ఆ మూలకే వెళ్లేది. ఒక సోమవారం వచ్చి చూస్తే బటన్ లేదు. తెర నిండా రంగు గడులు. “ఇది ఆఫీసా, పిల్లల బడా?” అని మేనేజరు గదికి వెళ్లి అడిగింది. తమ్ముడు వెనకే వెళ్లి వంత పాడాడు. పాతది మళ్లీ పెట్టిస్తానని మేనేజరు చేత అనిపించేదాకా ఇద్దరూ కదల్లేదు. కంప్యూటర్ మెకానిక్‌కి తీరిక దొరకడానికి నెలలు పట్టింది.

ఆ నెలల్లోనే పిన్ని కంటి డాక్టరును కలిసింది. చూపు అంచుల నుంచి పోతోందని, పోయింది తిరిగి రాదని, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలని ఆయన చెప్పాడు. ఆ సంగతి ఆమె చెల్లెలికి తప్ప ఎవరికీ తెలియదు. చెల్లెలు ఇంట్లో బట్టలు కుడుతుంది. పొద్దున్నే చుక్కలు వేసేది ఆమే.

“యార్డులో తెలిస్తే ఇంటికి పంపేస్తారే.”

“పంపితే గుండీలు కుడుదువుగాని. తల ఎత్తు.”

“సూదిలో దారం ఎవరు ఎక్కిస్తారు?”

“నేనే ఎక్కించి చస్తాను. కదలకు.”

కొత్త తెరలో మూలలు వెతుక్కోనవసరం లేదని పిన్నికి తెలిసింది అప్పుడే. గడులను మౌస్‌తో పట్టి లాగితే కదిలేవి. తనకు కావలసిన మూడింటినీ మధ్యకు లాక్కుంది, మిగతావి తీసేసింది. కొన్నాళ్లకు గడులను తిట్టడం మానేసింది. ఇంకొన్నాళ్లకు, తమ్ముడు తిడుతుంటే మాట మార్చడం మొదలుపెట్టింది.

మెకానిక్ ఈరోజు భోజనాల వేళ దాటాక వచ్చాడు. బయటి కాటాలో పాత తెర పెట్టి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఇటు వచ్చాడు.

“లేవండి పిన్నిగారూ. మీ బటన్ మీకిచ్చేస్తాను.”

“వద్దులే బాబూ. నాది ఇలాగే ఉండనీ.”

తమ్ముడు ఆమెను ఎగాదిగా చూశాడు. “అదేంటక్కా! దీన్ని నువ్వు తిట్టని తిట్టు లేదు కదా!”

“తిట్టుకుంటూ కాపురాలు చేసేవాళ్లు లేరా? ఇంటికెళ్లి మీ ఆవిణ్ణి అడుగు.”

“రేపు మళ్లీ మార్చమంటే నేను రాను” అన్నాడు మెకానిక్ నవ్వుతూ.

“రావద్దు.”

వాళ్లు వెళ్లాక పిన్ని కుర్చీలో వెనక్కి వాలింది. ఇక ఈ తెర జోలికి ఎవరూ రారు. ఉద్యోగం నిలబడినట్టే అనుకుంది.

ఎండ తగ్గుతుండగా మరో ఖాళీ లారీ వచ్చింది. ఆమె చూసింది, చెయ్యి ఊపింది, మూడు గడులూ నొక్కింది. డ్రైవర్ చీటీ చదివి కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

“పిన్నీ, నా బండి ఇంతలా చిక్కిపోయిందేంటి?”

“ఏమైంది?”

“వెనక చక్రాలు ఇంకా నేల మీదే ఉన్నాయి. నువ్వు ఆగమన్నావని ఆగాను. ఖాళీ బరువు తక్కువ పడితే ఎక్కించని కంకరకి కూడా మా ఓనరు కట్టాలి. నా తోలు తీస్తాడు.”

లారీని ముందుకు రమ్మని మళ్లీ తూచి వేరే చీటీ ఇచ్చింది. “ఏదో ధ్యాసలో ఉన్నావ్‌లే” అని అతను వెళ్లిపోయాడు.

పిన్ని గుడ్డ తడిపి కిటికీ అద్దాన్ని లోపలా బయటా తుడిచింది. గుడ్డను కిటికీ చువ్వకి వేసి వచ్చి కూర్చుంది. ఇంకో లారీ ఎక్కింది. దాని ముందు భాగం చూస్తే వెనక చక్రాలు కనబడలేదు. తల తిప్పి చక్రాలు చూస్తే, కిందికి దిగుతున్న డ్రైవర్ కనబడలేదు. గడులనైతే మధ్యకు లాక్కుంది. లారీని లాక్కోవడం కుదరదు.

సాయంత్రం మేనేజరు గదికి వెళ్లి కళ్ల సంగతి చెప్పింది.

“తెర బాగుంది, మార్చొద్దన్నారట కదమ్మా?”

“తెర బాగానే కనబడుతోందండీ. బండే కనబడట్లేదు.”

“ఇవాళ నష్టమేం జరగలేదుగా. కొన్నాళ్లు చూద్దాం.”

“ఇవాళ చక్రం. రేపు మనిషైతే?”

ఆమె కాటా గది తాళంచెవి ఆయన బల్ల మీద పెట్టింది.

గేటు దాటుతుంటే బయటి కాటా కిటికీలోంచి తమ్ముడు చెయ్యి ఊపాడు. అది ఆమెకు ఎడమవైపు. నేరుగా వెళ్లిపోయింది.

లోపలి కాటా కిటికీ చువ్వకు వేసిన గుడ్డ ఇంకా ఆరలేదు.