వేడి ముక్క

"ఈ పూట నీకు సెలవు" అన్నాడు టేగ్యు, గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ.

నెలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో పొయ్యి వెలిగించం. సందు చివర యంగ్‌వల్ పిన్ని హోటల్‌కి వెళ్తాం. ఆవిడ నాకు పిన్నేం కాదు. యంగ్‌వల్ అనే ఊరి నుంచి మా వొంజుకి వచ్చి హోటల్ పెట్టుకుంది కాబట్టి అందరికీ యంగ్‌వల్ పిన్ని. మా అత్తగారు బస్సు దిగి నేరుగా అక్కడికే వస్తారు. నేనూ, మా ఆయన టేగ్యు, మా అమ్మాయి సోల్ నడిచి వెళ్తాం. సోల్‌కి నాలుగేళ్లున్నప్పుడు మొదలైన అలవాటు, ఇప్పుడు దానికి పదహారు. ప్రతిసారీ గుమ్మం దగ్గర టేగ్యు ఈ మాట అంటాడు. మనస్ఫూర్తిగానే అంటాడు. పెళ్లానికి నెలకోసారి వంటింటి నుంచి విముక్తి ఇస్తున్నానని నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని నేనూ చాలా ఏళ్లు పంచుకున్నాను.

హోటల్లో జరిగేది ఇదీ. బల్ల మధ్యలో బొగ్గుల కుంపటి, దాని మీద ఇనుప జాలీ. పిన్ని పచ్చి పంది మాంసం పళ్లెం తెచ్చి పెడుతుంది, పట్టకారూ కత్తెరా తెచ్చి నా వైపు పెడుతుంది. నా వైపే పెట్టమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మొదటి నెలలోనే గమనించి ఉంటుంది. నేను మాంసం పొడుగు పీలికల్ని జాలీ మీద పరుస్తాను, ఒకవైపు రంగు మారగానే తిప్పుతాను, కత్తెరతో నోటికి సరిపడేలా ముక్కలు చేస్తాను. అత్తగారికి కొవ్వు తక్కువ ఉన్నవి, టేగ్యుకి అంచులు కరకరలాడేవి, సోల్‌కి మాడనివి. మధ్యలో కిమ్చి అయిపోతే పిన్నిని పిలుస్తాను, మాంసం చుట్టుకు తినే ఆకులు అయిపోతే పిలుస్తాను, అత్తగారి గ్లాసులో నీళ్లు, టేగ్యు గ్లాసులో సోజు సారా చూసుకుంటాను. ఎవరో ఒకరు ఒక ముక్కని ఆకులో చుట్టి "నువ్వు కూడా తిను" అని నా నోటికి అందిస్తారు. రెండు చేతులూ ఖాళీ లేవు కాబట్టి నోరు తెరుస్తాను. పెట్టినవాళ్లకి తృప్తి. నేను కుర్చీలో వెనక్కి వాలి చాప్‌స్టిక్స్ అందుకునేసరికి వాళ్లకి కడుపులు నిండి, చల్లటి నూడుల్స్ చెప్పేస్తుంటారు. జాలీ అంచుల్లో మిగిలినవి నావి. అవి చల్లారి, కొవ్వు తెల్లగా గడ్డకట్టి ఉంటాయి. నేను చల్లటి మాంసం తినే మనిషినని మా ఇంట్లో ఒక పేరు కూడా ఉంది. "దానికి వేడి పడదు" అని అత్తగారు ఒకసారి పిన్నితో అనడం విన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, కాదనడానికి నాకూ ఏమీ తోచలేదు.

నేను పళ్ల ల్యాబ్‌లో పనిచేస్తాను. డాక్టర్లు పంపిన అచ్చుల్ని బట్టి తొడుగులూ కట్టుడుపళ్లూ తయారుచేస్తాం. మైనం చెక్కే వేలెడంత కత్తితో, గోరంత పంటి మీద, అసలు పంటికి ఉండే గీతలన్నీ తేవాలి. పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నాను, నా చేతులు నిలకడగా ఉంటాయి. ఆఫీసు భోజనాల్లోనూ పట్టకారు నా దగ్గరికే వస్తుంది. "హ్యోసన్ గారి చెయ్యి పడితే మాంసం రుచే వేరు" అంటారు మేనేజర్ నామ్ గారు. నిరుడు శరదృతువులో అలాంటి భోజనంలోనే, నా తర్వాత ఐదేళ్లకి చేరిన గూ అనే అతన్ని మా విభాగానికి పెద్దని చేస్తున్నట్టు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా రెండు చేతుల్లో పట్టకారూ కత్తెరా ఉన్నాయి, నేను కొట్టలేకపోయాను. గూ చిన్నబుచ్చుకున్నాడట. మర్నాడు నామ్ గారు నన్ను పిలిచి, "పెద్దమనసుతో తీసుకోవాలండీ, అతనికి ఇద్దరు పిల్లలు కదా" అన్నారు. కొట్టకపోవడానికి కారణం పట్టకారు అని చెప్పాను. ఆయన నవ్వారు, నేను చమత్కరించానని అనుకున్నారు.

మార్చి మొదటి ఆదివారం నా చెయ్యి కాలింది. అందులో పెద్ద విశేషం లేదు. కొవ్వు బొగ్గుల మీద కారి మంట ఒక్కసారిగా లేచింది. అప్పుడే నేను అవతలి అంచున ఉన్న ముక్కని తిప్పబోతున్నాను. కుడిచేతి బొటనవేలు మొదలు నుంచి మణికట్టు దాకా మంట తాకింది. పట్టకారు నేల మీద పడింది.

"చూడు చూడు, మాడిపోతున్నాయి" అన్నాడు టేగ్యు.

అతను జాలీ వైపు చూస్తూ అన్నాడు. నేను అతని వైపు చూశాను. అది మాంసం గురించి అన్నాడని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

పిన్ని వచ్చి నన్ను మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి నడిపించింది, చెయ్యి కుళాయి కింద పెట్టింది. "తియ్యకు, ఇరవై నిమిషాలు అలానే ఉంచు" అంది. నీళ్లు చల్లగా పడుతున్నాయి. గిన్నెలు అందించే కిటికీలోంచి మా బల్ల కనిపిస్తోంది. మాంసం మీద పొగ లేస్తోంది. టేగ్యు అటూ ఇటూ చూసి, చెయ్యెత్తి, "పిన్నీ, కాస్త ఎవరైనా వచ్చి ఇది తిప్పండి" అని పిలిచాడు. పిన్ని నా మొహంలోకి చూసింది. తడిచేతులు తుడుచుకుని వెళ్లి తిప్పింది. సోల్ మాత్రం లేచి వంటింట్లోకి వచ్చింది. కుళాయి పక్కన నిలబడి నా చేతినే చూస్తూ ఉండిపోయింది.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"అంతగా లేదు. వెళ్లి తిను, చల్లారిపోతుంది" అన్నాను. అలవాటుగా వచ్చిన మాట.

అతను చెడ్డవాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. తినడం అయ్యాక కారులో ఆస్పత్రికి తీసుకెళ్లాడు, మందు చీటీ తనే తీసుకుని మందులు తెచ్చాడు. దారిలో "ఎన్నేళ్ల నుంచి కాలుస్తున్నావు, ఇంకాస్త జాగ్రత్తగా ఉండొద్దూ" అన్నాడు. బొటనవేలు వంగకుండా కట్టు కట్టారు. కత్తి పట్టుకోలేను కాబట్టి ల్యాబ్‌లో నన్ను పార్సిళ్లు కట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నా చేతిలో ఉండాల్సిన పళ్లు వేరేవాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. ఇంట్లో మాత్రం ఎడంచేత్తో అన్నం వండాను, ఎడంచేత్తో గిన్నెలు కడిగాను. ఒక సాయంత్రం పాచిక ముక్కలంత చిన్నగా ముల్లంగి తరగలేకపోయి పెద్ద ముక్కలు వేశాను. టేగ్యు పులుసులోంచి ఒక ముక్క పైకెత్తి చూసి, "ఎన్నాళ్లుంటుందట ఈ కట్టు?" అని అడిగాడు.

ఆ నెలలో ఇంకొకటి జరిగింది. అతని ఫోన్ టీ బల్ల మీద ఉంది, స్నేహితులెవరో ఫొటోలు పంపుతున్నారు, తెర మీద ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. నది ఒడ్డున చేపలు పట్టడానికి వెళ్లినప్పటివి. ఒక ఫొటోలో టేగ్యు నడుముకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో పట్టకారుతో కుంపటి ముందు వంగి ఉన్నాడు. పక్కన నలుగురు మగాళ్లు గిన్నెలు చాపి నిలబడ్డారు. కింద ఎవరో "మా వంటమాస్టర్" అని రాశారు. అతని మొహంలో ఉన్న నవ్వు నేను చాలాకాలంగా చూడలేదు. కాసేపు చూశాను. తర్వాత తెర ఆరిపోయింది.

ఏప్రిల్ మొదటి ఆదివారానికి కట్టు పలచబడింది కానీ తియ్యలేదు. వెళ్దామా వద్దా అని ఎవరూ అనుకోలేదు, వెళ్లాం. పిన్ని పళ్లెం తెచ్చింది. పట్టకారు చేతిలో పట్టుకుని ఒక క్షణం ఆగి, బల్ల మధ్యలో పెట్టి వెళ్లిపోయింది. ఆవిడ అలా ఆగడం బాగా గుర్తుంది.

టేగ్యు పట్టకారు తీసి సోల్ ముందుకి జరిపాడు. "నువ్వు చెయ్యమ్మా, అమ్మకి చెయ్యి బాలేదుగా."

"అవునవును" అన్నారు అత్తగారు. "ఆడపిల్ల, నేర్చుకోవాల్సిందేగా."

సోల్ తీసుకుంది. విసుక్కోలేదు, నాకు రాదనలేదు. పీలికలు పరిచింది, రంగు మారేదాకా ఆగింది, తిప్పింది, కత్తెరతో కోసింది. మొదటి ముక్క, కొవ్వు లేనిది, నానమ్మ పళ్లెంలో వేసింది. అంచు కరకరలాడేది వాళ్ల నాన్నకి వేసింది. తర్వాతది నాకు. నీళ్ల గ్లాసు ఖాళీ అయితే మాట్లాడకుండా నింపింది. దాని అన్నం గిన్నె మూత కూడా తియ్యలేదు. దానికి ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. పన్నెండేళ్లు నాకెదురుగా కూర్చుని చూసింది, అంతే. ల్యాబ్‌లో మేం అచ్చులో మైనం పోసినప్పుడు గీత కూడా తప్పకుండా అలాగే దిగుతుంది. నా పళ్లెంలోని ముక్క వేడిగా ఉంది. పొగలు వస్తున్నాయి. నేను దాన్ని తినలేకపోయాను.

"సోల్, అది కింద పెట్టు" అన్నాను.

"పర్లేదమ్మా, నేను చేస్తాలే."

"పెట్టు. నీ అన్నం తిను."

అది పెట్టింది. నేను ఎడంచేత్తో పట్టకారు తీసి టేగ్యు ముందు పెట్టాను.

"నాకెక్కడొచ్చు? నేను ముట్టుకుంటే అన్నీ మాడుస్తా" అన్నాడు నవ్వుతూ.

"చేపలు పట్టడానికి వెళ్తే వస్తుందిగా."

నవ్వు ఆగింది. "అది వేరు."

"ఏం వేరు?"

నిజంగానే ఆలోచించాడు. "అక్కడ అందరం మగవాళ్లమే కదా" అన్నాడు చివరికి. అన్నాక ఆ మాట తనకే ఎలా వినిపించిందో, గ్లాసు అందుకున్నాడు. మాంసం ఒకవైపు నల్లబడుతోంది. పక్క బల్ల వాళ్లు ఇటు చూశారు. పిన్ని రెండడుగులు వేసింది. "వద్దు పిన్నీ, మేం చూసుకుంటాం" అన్నాను. ఆవిడ ఆగిపోయింది. నా గొంతు మామూలుగానే ఉంది. కోపం వస్తుందనుకున్నాను కానీ రాలేదు. పార్సిల్ కట్టి చీటీ అంటించినంత తేలిగ్గా ఉంది.

అప్పుడు మా అత్తగారు చెయ్యి చాపి పట్టకారు తీసుకున్నారు. ఆవిడకి డెబ్బై ఆరేళ్లు, వేళ్లు వణుకుతాయి. ఇప్పుడు మా ఇద్దరినీ సిగ్గుపడేలా చేసి తనే కాలుస్తారనుకున్నాను. 'ముసలిదాని చేత పని చేయిస్తారా' అనే మాట వస్తుందని చూస్తున్నాను. ఆవిడ మాడని ముక్క ఒకటి వెతికి, తిప్పి, రెండో వైపు కాలేదాకా ఆగి, తీసి తన నోట్లోనే పెట్టుకున్నారు. నాలుక కాలినట్టుంది, నోరు తెరిచి గాలి పీల్చుకుంటూ నమిలారు.

"మీ నాన్నని సాగనంపి వచ్చిన మర్నాడు" అన్నారు కొడుకుతో, "నేనేం చేశానో నీకు తెలుసా?"

"ఏం చేశావు?"

"చేప వేయించుకుని నడిమి ముక్క తిన్నాను. నలభై మూడేళ్ల తర్వాత." ఇంకో ముక్క తిప్పారు. "ఏడుపొస్తుందని చుట్టాలంతా నా మొహంలోకి చూస్తున్నారు. నాకు ఆ చేప మీదే ఉంది ధ్యాస. పాపిష్టిదాన్నేమో అనుకున్నాను. తర్వాత ఇక్కడ ఈ అమ్మాయి కాల్చి పెడుతుంటే వేడివేడిగా తిన్నాను. బాగుండేది. అందుకే దీనికి వేడి పడదని నేనే అన్నాను. ఎవరూ అడగకుండా."

ఆవిడ నా వైపు చూడలేదు. క్షమించమని కూడా అనలేదు. పట్టకారు పిడి కొడుకు వైపు తిప్పి బల్ల మీద పెట్టి, "మిగతావి నువ్వు చూసుకో" అన్నారు.

అతను చూసుకున్నాడు. బాగా కాల్చాడు. మంట లేచినచోట నుంచి ముక్కల్ని పక్కకి జరపడం, కొవ్వు అంచుని నిలబెట్టి కాల్చడం, నాకు రెండేళ్లు పట్టిన ఒడుపు అతని చేతుల్లో తేలిగ్గా ఉంది. అప్పుడొచ్చింది నాకు కోపం. మాడ్చి ఉంటే బహుశా క్షమించేదాన్ని. సోల్ ఆకులో ముక్క పెట్టుకుని, తలవంచుకుని, గబగబా తింది. నేనూ తిన్నాను. ఆరు ముక్కలు, ఏడో ఎనిమిదో కూడా. ఉప్పూ నువ్వులనూనె కలిపిన గిన్నెలో అద్దుకుని తిన్నాను. నాలుక చివర కాలింది. నాకు వేడి పడుతుంది.

అత్తగారిని బస్సెక్కించి ఇంటికొచ్చాం. సోల్ తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. టేగ్యు వంగి బూట్లు విప్పి, వాటిని సరిగ్గా జతపెట్టాడు.

"అంతమందిలో, మా అమ్మ ముందు" అన్నాడు. "నన్ను అలా చెయ్యాలని ఎందుకనిపించింది? నేనేం తప్పు చేశాను?"

అరవలేదు, నిజంగా అడిగాడు. చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. సోల్ చేతిలో పట్టకారు, గూకి కొట్టని చప్పట్లు, మాడిపోతున్నాయన్నప్పుడు అతను చూసిన వైపు. అవన్నీ చెప్తే అతను ఒక్కొక్కదానికీ జవాబు చెప్తాడు. ఒక్కో జవాబూ న్యాయంగానే ఉంటుంది. నేను కిటికీ దగ్గరికెళ్లి పొగ వాసన కొడుతున్న కోటుని దండెం మీద ఆరేశాను.

"నాకు ఆకలేసింది" అన్నాను.

అతను తలెత్తాడు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆ మాట నా నోటి నుంచి వినలేదు. సరిగా వినబడలేదేమో అన్నట్టు చూశాడు.

మళ్లీ చెప్పాను.