తడవకుండా వచ్చిన మనిషి

కోడలు పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర కూర్చుని మనుషుల్ని చంపుతుంది. పాలు పొంగేలోపు ఒకణ్ణి చంపేసి, మొగుడు ఆఫీసుకి బయల్దేరేలోపు అనుమానితుల్ని పోగేస్తుంది. క్రైమ్ నవలలు రాయడం ఆవిడ వృత్తి మరి!

చచ్చినవాళ్లు ఊరుకుంటారా? మర్నాటికల్లా గుమ్మంలో ప్రత్యక్షం. "నన్నెవరు చంపారండీ?" అంటూ వచ్చి, చివరి అధ్యాయం దాకా కదలరు. పోయినసారి ఒకావిడ వీపులో కత్తితోనే సోఫాలో చేరగిలబడింది. గుడ్డంతా చిరిగిందని అత్తగారు ఇప్పటికీ సణుగుతారు.

ఈసారి గడియారాలు బాగుచేసే పెద్దమనిషి వచ్చాడు. అతన్ని వ్యాపారంలో భాగస్వామే కాలువలోకి తోసేశాడు. అత్తగారు టీ ఇస్తే కప్పు చేత్తో పట్టుకుని, "చచ్చినవాణ్ణి, ఎలా తాగనండీ? వేడిగా బావుంది, పట్టుకుంటాను," అన్నాడు. మాటల్లో మాటగా చదరంగం వచ్చన్నాడు. అంతే, మామగారు పోయాక బీరువా ఎక్కిన చదరంగం బల్ల కిందికి దిగింది. అత్తగారు పగలబడి నవ్వడం కోడలు ఎన్నాళ్లకో విన్నది.

ఇంక చివరి అధ్యాయం రాయడానికి చేతులెలా వస్తాయి? అది రాస్తే ఆయన వెళ్లిపోతాడు. తలనొప్పంది, కరెంటు లేదంది. పబ్లిషర్ ఊరుకుంటాడా? "అమ్మా, ఈ వారం ఇవ్వకపోతే పుస్తకం రద్దే," అని ఫోను పెట్టేశాడు.

"రాసెయ్యవే. నా కోసం పని చెడగొట్టుకోకు," అన్నారు అత్తగారు. అనడమైతే అన్నారు గానీ కళ్లు నిండిపోయాయి. ఆ కళ్లను దాచుకోవడానికి రాతప్రతి తీసుకుని మొదట్నుంచీ చదవడం మొదలుపెట్టారు. కోడలి నవలలకి మొదటి పాఠకురాలు ఆవిడే.

కాసేపటికి వంటింట్లోకి విసవిసా వచ్చారు. "శవం ఈయనదేనని ఎలా తెలిసింది?"

"కోటుని బట్టి, అత్తయ్యా. మొహం నీళ్లలో నానిపోయింది కదా."

"అంటే మొహం ఎవరూ చూళ్లేదు! ఇదివరకు మునిగినవాళ్లంతా గుమ్మం తడిపి పారేశారు. ఈయన పొడిగా వచ్చాడేం? ఒంటిమీద కోటు కూడా లేదు. నువ్వు చచ్చాడన్నావు, ఆయన నమ్మేశాడు!"

కోడలు గబగబా కలం అందుకుంది. ఇన్ని హత్యలు చేసి, తాను రాసిన శవాన్నే తాను సరిగ్గా చూసుకోలేదు! కూర్చున్నపళంగా రాసేసింది: దుకాణంలో పెద్దమనిషి కోటు కొట్టేసిన దొంగ దాన్ని తొడుక్కుని కాలువగట్టున వెళ్తుంటే, భాగస్వామి వెనక నుంచి చూసి పొరబడ్డాడు.

ఆఖరి వాక్యం ఇంకా మిగిలుండగానే తలుపు చప్పుడైంది. నీళ్లోడుతున్న కోటుతో ఒకడు నిలబడి, "నన్నెవరు చంపారండీ?" అన్నాడు.

"ఆగు నాయనా, ఒక్క వాక్యమే ఉంది. ఆ కోటు విప్పి దండెం మీద వెయ్, ఈయనది," అంటూ అత్తగారు తువ్వాలు అందించి మళ్లీ చదరంగం ముందు కూర్చున్నారు.

ఎదురుగా పెద్దమనిషి తన కప్పు వంక తెల్లబోయి చూస్తున్నాడు. సగం ఖాళీ అయింది.

"చక్కెర తక్కువైందండీ," అన్నాడు మెల్లగా.

"రేపట్నుంచి ఎక్కువ వేస్తాను," అన్నారు అత్తగారు. "ముందు మీ ఎత్తు వెయ్యండి."