ఇరవై నాలుగు పీటలు

ఏదైనా నీటుగా లేకపోతే నాకు ఒళ్ళు మండుతుంది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తప్పంతా అక్కడే జరిగింది.

మా నాన్న ముప్ఫై ఏళ్ళు అంబులెన్సు నడిపి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ ఆయనకు ఒకటే పిచ్చి, బొటనవేలంత ప్లాస్టిక్ సైనికులకు రంగులు వేయడం. ఆదివారాలు ఒక హాల్లో పెద్ద బల్ల చుట్టూ చేరి ఆ బొమ్మలతో యుద్ధాలాడే ముసలాళ్ళ గుంపులో ఆయనొకడు. అన్ని దళాలనూ ఆటకు తీసుకెళ్తాడు గానీ ఇరవై నలుగురున్న ఒక కాల్బలాన్ని మాత్రం అద్దాల బీరువాలోంచి కదిలించడు. అడిగితే, "వాళ్ళ పీటలు పాతవమ్మా, చతురస్రాలు. ఇప్పుడు గుండ్రటివైతేనే బల్ల మీద పెట్టనిస్తారు" అనేవాడు.

పీట అంటే బొమ్మ కాళ్ళ కింద ఉండే చిన్న ప్లాస్టిక్ పలక. దానికి జిగురు రాసి, ఇసుక చల్లి, గడ్డిపొడి అంటిస్తే అచ్చం నేలలాగే ఉంటుంది. మా ఇంట్లో రంగులు నాన్నవి, పీటలు నావి. ఆ పనిలో నాకు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు.

ఆ రోజు ఆయన కళ్ళ పరీక్షకు వెళ్ళాడు. వచ్చి చూసి ఆయన నోరు వెళ్ళబెట్టాలనుకుని బీరువా తెరిచాను. కట్టర్‌తో ఒక్కొక్కరి పాదాల కింద కత్తిరించడం, పాత పీటను చెత్తబుట్టలో పడేయడం, కొత్త గుండ్రటి పీట మీద నిలబెట్టడం. పెట్టెలో కదలకుండా ఉండాలని పాత పీటల అడుగున అయస్కాంతపు రేకు అంటించి ఉంది. బొమ్మలు పెయింట్ చేసే ప్రతివాడూ చేసే పనే. రేకు ఊడదీసి చూడాలని నాకు తట్టలేదు.

ఇరవై ముగ్గురు పూర్తయ్యారు. అన్నం తిని వచ్చేసరికి బుట్ట ఖాళీ. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఒక్కసారీ చెత్తబుట్ట ముట్టుకోని మా ఆయనకు ఆ రోజే ఎక్కడలేని బుద్ధి పుట్టుకొచ్చింది. మెచ్చుకుని ఆఖరి బొమ్మను చేతిలోకి తీసుకున్నాను. పీట అడుగు రేకు ఊడి వచ్చింది. దాని కింద నాన్న చేతిరాత, చీమతలంత అక్షరాల్లో:

"డిసెంబరు 9. రైల్వే గేటు. పెద్దాయన, బూడిదరంగు స్వెటర్. ఏడు నిమిషాలు ఆలస్యం."

బొమ్మ కోటు గుండీల సందులో బూడిదరంగు గీత ఉంది. యూనిఫామ్‌లో ఉండాల్సిన రంగు కాదది. చెప్పుల్లేకుండానే మెట్లు దిగి పరుగెత్తాను. చెత్త బండి వెళ్ళిపోయి అరగంటయిందని కింది వాటా ఆవిడ చెప్పింది.

నాన్న వచ్చి బల్ల మీద వరసగా నిలబడ్డ వాళ్ళను చూశాడు. తర్వాత నా చేతిలోని పాత పీటను చూశాడు.

"మిగతావి?"

"పారేశాను నాన్నా. బండి కూడా వెళ్ళిపోయింది."

అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. కుర్చీ వెనక్కి లాక్కుని మెల్లగా కూర్చున్నాడు.

"ఎవరు నాన్నా వీళ్ళంతా?"

"నేను చేరేలోపు పోయినవాళ్ళు."

ఇన్నేళ్ళూ ఆయన బొమ్మలాడుకుంటున్నాడని అందరితో నవ్వుతూ చెప్పుకున్నదాన్ని.

"గేటు పడితే నువ్వేం చేస్తావు? నీ తప్పా అది?" అన్నాను, ఎవరి మీదో తెలియని కోపంతో.

"కాదనే అన్నారు అందరూ. కాదనే నేనూ అనుకున్నా. అయినా నాకు గుర్తుండదేమోనని భయమేసి రాసుకున్నా."

పెన్ను తెచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. "చెప్పు. కొత్త పీటల కింద నేను రాస్తా."

ఆయన ఒక్కొక్కరినీ ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. "మెడలో పసుపు స్కార్ఫు, చూడు. కుట్టు మిషన్ ఆవిడ. వాన. పదకొండు నిమిషాలు." రాశాను. "వీడు కాలేజీ పిల్లాడు. వాచీ ఆగిపోయింది, అందుకే మణికట్టు మీద తెల్ల చుక్క పెట్టా. మూడు నిమిషాలే." రాశాను. తేదీలు కొన్ని తప్పిపోయాయి, మనుషులు తప్పలేదు. పది దాటాక నాకు ఊపిరాడింది. ఇరవై దాటాక, ఫరవాలేదు, గండం గడిచిందనుకున్నాను.

ఇరవై మూడో బొమ్మ దగ్గర ఆగాడు.

కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. ఎర్రటి మీసం, భుజం మీద ఒక మరక. ఇంకేమీ లేదు.

"తొందరేం లేదు నాన్నా, నెమ్మదిగా ఆలోచించు."

"ఈ మీసం నేనే వేశానమ్మా. కావాలనే వేశా. ఎవరిదో తెలియడం లేదు."

"ఏ వీధో అయినా..."

"తెలియడం లేదు." చూపుడువేలితో బొమ్మ భుజం మీది మరకను తుడుస్తూ, "ఇంట్లోవాళ్ళెవరూ లేరనుకుంటా ఈయనకి. నేను తప్ప గుర్తుపెట్టుకునేవాళ్ళు లేరనే వేసుంటాను" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. క్షమించమని కూడా అడగలేకపోయాను. నాన్న బొమ్మను నా చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"ఈయన దగ్గరికి రెండోసారి కూడా చేరలేకపోయానమ్మా."