మూతలేని తొట్టి

ఊపిరి అందక బాసిత్ రంగు తొట్టి పక్కనే కూలబడ్డాడు. నలుగురూ అతన్ని అవతలికి లాగుతుంటే, ముందు బట్ట తిప్పండి, మచ్చలు పడతాయని డైయింగ్ మాస్టర్ సుధాకరరావు గాజు గదిలోంచి కేకేశాడు. మనిషి పడిపోతే ఫర్వాలేదు గానీ బట్టకు మచ్చ పడితే కంపెనీ కొంప మునిగినట్టే! లాగుతున్నవాళ్ళలో ఒకడైన గయాజ్ పళ్ళు కొరికాడు. బాసిత్ అతని మేనత్త కొడుకు. మెట్‌పల్లి నుంచి తన వెంట తెచ్చుకున్నవాడు.

గల్ఫ్‌లోని బిర్కత్ అల్ అవామిర్‌లో ఉందా షెడ్డు. క్లీనర్ల యూనిఫాం బట్టకు అక్కడ నీలం వేస్తారు. అదంతా పాలిస్టర్. నూలులాగా నీళ్ళు తాగి రంగు పీల్చే జాతి కాదు. దాని పోగు బిగుసుకుని ఉంటుంది, ఒట్టి మరుగుకు లొంగదు. మూత బిగించిన మిషన్లో, ఒత్తిడి మీద, మరుగును మించిన వేడి తగిలితేనే వదులై రంగును లోపలికి రానిస్తుంది. చల్లారాక మళ్ళీ బిగుసుకుని రంగును పట్టేసుకుంటుంది. ఈ సంగతి షెడ్డు ఊడ్చేవాడికి కూడా తెలుసు.

ఆ మిషన్ ఎండాకాలానికి ముందే పాడైంది. బాగుచేయించడం దండగన్నాడు కాంట్రాక్టర్ ఫరీదుద్దీన్. మూతలేని తొట్లలో ఉడికించి, ఘాటు మందొకటి పొయ్యమన్నాడు. అది మామూలు మరుగులోనే పోగును ఉబ్బించి రంగెక్కిస్తుంది. పోసేవాడి ఊపిరితిత్తులు ఏమైతే ఎవడిక్కావాలి? డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంది. మాస్కులు మాత్రం గాజు గది దాటి రాలేదు.

బాసిత్‌ది ఎండదెబ్బ అని కంపెనీ ఆసుపత్రిలో రాయించింది. ఆ సాయంత్రం క్యాంప్ వంటగదిలో తెలుగువాళ్ళు, నేపాలీలు, బెంగాలీలు అందరూ కూడారు. పని మానేద్దామన్నారు కొందరు. మానేస్తే విమానం ఎక్కిస్తారు, ఇంటి దగ్గర పొయ్యిలో పిల్లి లేవదని మిగతావాళ్ళు కసిరారు. వాదన తెగలేదు.

"డ్యూటీ బందు పెట్టొద్దు," అన్నాడు గయాజ్. "నీళ్ళు మరిగిద్దాం, రంగు కలుపుదాం, బట్ట తిప్పుదాం. మందొక్కటి పొయ్యొద్దు. మిషన్ బాగుజేసేదాంక మనం పొయ్యం."

మర్నాడు మధ్యాహ్నం దాకా మరిగించినా బట్ట వెలిసిపోయిన చొక్కాలా బయటికొచ్చింది. ఫరీదుద్దీన్ మండిపడ్డాడు. పొయ్యడానికి ఒక్కడూ కదలకపోయేసరికి సుధాకరరావునే పొయ్యమన్నాడు. గుంటూరులో కెమిస్ట్రీ చదివిన మనిషి, ఆ మందేమిటో తెలిసినవాడు, మాస్కు బిగించుకుని మారుమాట లేకుండా పోశాడు. నీలం చక్కగా ఎక్కింది.

ఎక్కితే సరా? తడి బట్టను తిప్పుతూ తియ్యాలి. తియ్యకపోతే చల్లారేకొద్దీ ముడతలు అలాగే బిగుసుకుపోతాయి, ఏ ఇస్త్రీకీ పోవు. మందు పడ్డ తొట్టిని ముట్టమంటూ పనివాళ్ళు చేతులు కట్టుకుని నేల మీద కూర్చున్నారు.

సుధాకరరావు గొంతు తగ్గింది. "గయాజ్, కాస్త చెయ్యి వెయ్యమను బాబూ. నా ఉద్యోగం పోతుంది."

"మా పానాలు పోతున్నయి సార్. మీరు ఆయన దిక్కున్నరా, మా దిక్కున్నరా?"

సుధాకరరావు ఫరీదుద్దీన్ వైపు చూసి తల దించుకున్నాడు. చదువుకున్న జీతగాడి బతుకు అంతే.

సాయంత్రానికి పోలీసు వ్యాన్ వచ్చింది. గయాజ్‌ను ఎక్కించారు. ఇక ఇంటికి పంపేస్తారని అతనికి తెలుసు. కిటికీలోంచి, తెరిచి ఉన్న షెడ్డు తలుపు వైపు వెనక్కి చూశాడు. తొట్టిలో బట్ట ఈపాటికి ముడతలు పడి చల్లారిపోయి ఉంటుంది. నేపాలీలు మందు డబ్బాలకు మూతలు బిగించి, వాటి మీదే ఎక్కి కూర్చున్నారు. వాళ్ళ పక్కన తెలుగువాళ్ళు, బెంగాలీలు. ఫరీదుద్దీన్ యల్లా, యల్లా, లేవండి అని గొంతు చించుకుంటున్నాడు.

ఒక్కడూ లేవలేదు.