పిట్ట వాలని కంచె

ఆదివారం పొద్దున పూలమొక్కల కంచె కత్తిరించడం నా పని. నాటింది మా ఆయన. దారిన పోయేవాళ్ళు ఆగి, తోట భలే పెంచారండీ అంటే మురిసిపోయేదీ ఆయనే. నీళ్ళు పెట్టడం, రాలిన ఊదా పూలు ఊడవడం మాత్రం నా వంతు. సొమ్మొకడిది, సోకొకడిది.

కత్తిరించిన కొమ్మల్ని ఆయన వెనక గోడ మీంచి ఖాళీ స్థలంలోకి విసిరేసేవారు. పడ్డచోటల్లా అవి వేళ్ళూనుకున్నాయి. అంతకుముందు అక్కడ నల్లపళ్ళు కాసే పొదలుండేవి. అంట్లు తోముతూ కిటికీలోంచి పిట్టల్ని చూసేదాన్ని. వాటితో మాట్లాడేదాన్ని కూడా. ఇంట్లో నా మాట వినే తీరిక ఎవరికుంది? ఇప్పుడు ఆ స్థలమంతా ఊదా పూలే, తినడానికి పండు లేక ఒక్క పిట్టా వాలదు. గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడని వంటింట్లో ఎంత ఒంటరిగా ఉంటుందో ఎవరికీ చెప్పలేదు.

మనుషులూ రావడం మానేశారు. అంటే, నావాళ్ళు. ఆయన స్నేహితులు వస్తూనే ఉంటారు. ఆడపడుచు పిల్లలు సెలవులన్నీ ఇక్కడే గడుపుతారు. మా అమ్మా చెల్లీ వచ్చి రెండు రోజులుంటే మాత్రం, ఇల్లు సత్రమైపోయిందన్నారు అత్తగారు, వాళ్ళకు వినబడేలాగే. ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. అమ్మ ఆ సాయంత్రమే బ్యాగు సర్దుకుంది. గుమ్మం దగ్గర, "వీలున్నప్పుడు నువ్వే రామ్మా" అంది. నాకు వీలెప్పుడుంటుందో అమ్మకి తెలియదా?

ఈ ఆదివారం కత్తెర పక్కన పెట్టి గునపం తీసుకున్నాను. వంటింటి కిటికీకి ఎదురుగా ఉన్న కంచెను వేళ్ళతో సహా పెకలించాను. కొమ్మల్ని గోడ దాటనివ్వకుండా ఎండలో పరిచాను. నర్సరీ నుంచి తెచ్చుకున్న నల్లపళ్ళ మొక్కల్ని ఆ గుంతల్లో నాటేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి.

ఆయన వచ్చి పెకలించిన కంచెను చూశారు. అందరూ ఏమనుకుంటారన్నారు. ఈ పళ్ళు మనం తినొచ్చా అని అడిగారు. పిట్టలు తింటాయన్నాను.

వరండాలోంచి అత్తగారు, "మనకు పనికిరానివాటికి ఇంత చాకిరీ ఎందుకమ్మా?" అన్నారు.

నా పనిని ఆవిడ చాకిరీ అనడం అదే మొదటిసారి. నవ్వొచ్చింది.

మట్టి చేతులు కడుక్కుంటూ చెప్పాను.

"నా తరపు చుట్టాలొస్తారత్తయ్యా. ఇల్లు సత్రమేం కాదులెండి, వాళ్ళు బయటే ఉంటారు."